నాన్న బాకా

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. నా నోరు మరీ క్షేమం. అక్కడ నువ్వూ, నీ బ్యాండువాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ బావ మోకాలు ఎలా ఉందని అడిగావు. పని చెప్తే నొప్పి, భోజనానికి పిలిస్తే మాయం. మా దుకాణం యజమాని పౌడరు డబ్బాలో పాలిషు పొడి కలిపింది నువ్వేనా అనీ అడిగావు. ఇంకెవర్రా? పాపం, బాగానే రుద్దుకున్నాడు, మెరుపు మాత్రం రాలేదు. కొన్ని చిలుములు అంతే, వదలవు.

ఇక నాన్న బాకా సంగతి. వచ్చే నెల వచ్చి పట్టుకెళ్తానన్నావు. దానికి జవాబు రాయలేకే ఈ ఉత్తరం ఇన్నాళ్ళు ఆగింది.

నాన్న పోయాక పెట్టెలో పడి ఉన్నదాన్ని, నేను ఇత్తడి వాయిద్యాలు తోమే మా దుకాణానికి తీసుకెళ్ళాను. నిన్ను ఏడిపిద్దామని. కొత్తదానిలా తోమేసి, అమ్మకం బాకాల పక్కన నిలబెట్టి, "ఏదిరా నాన్నది, చెప్పుకో బ్యాండు మేస్త్రీ!" అందామని. నిమ్మరసం, ఉప్పు పులిమాను. మెత్తటి పొడితో రుద్దాను. సొట్ట తీయించాను. యజమాని చూసి, "ఈ కొత్త సరుకు ఎప్పుడొచ్చింది?" అన్నాడు. పొంగిపోయి, అమ్మకం బాకాల వరసలో పెట్టేశాను.

మర్నాడు నీ ఉత్తరం. "అక్కా, నీ చేతికి దురదెక్కువ, దాన్ని తోమేవు సుమా! ఒళ్ళంతా నల్లబడ్డా నాన్న ఎడమచేతి వేళ్ళు పట్టినచోట మెరుస్తుంది చూడు, నేను అక్కడే పట్టుకుని వాయించాలి."

దుకాణానికి పరుగెత్తాను. అరలో వరసగా బాకాలు. నాన్నదేదో నాకే తెలియలేదురా. ఒక్కోదాని మీటలు నొక్కుతూ పోయాను. ఒకదానికి నడిమి మీట బద్ధకంగా లేచింది. "లేవవే దొరసానీ" అని నాన్న రోజూ తిట్టేవాడే, అదే. చేతిలోకి తీసుకున్నాను. ఇటు తిప్పినా అటు తిప్పినా ఒకటే మెరుపు. వేళ్ళ జాడ లేదు.

యజమాని నవ్వబోయి ఆగిపోయాడు. "దాన్ని ఇలా ఇవ్వమ్మా, ఆ మీటకి నూనె వేసి సరిచేస్తాను" అన్నాడు.

"చెయ్యి వేశారో, విరిచేస్తాను. మీటని కాదు, చేతిని" అన్నాను.

బాకా ఇప్పుడు ఇంట్లో ఉంది. దానిమీద గుడ్డ కూడా తగలనివ్వడంలేదు. క్షమించమనే మొహం లేదు నాకు. నువ్వొచ్చి నన్ను తిట్టు. ఆ తర్వాత ఆ మీటని తిట్టు, నాన్న తిట్టినట్టు. పక్కన కూర్చుని వింటాను.

ఇట్లు,
మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్న
మీ అక్క