మేయరుకు నిలబడ్డ చెప్పుల షావుకారు

అక్కా,

ఇక్కడ నేను కులాసా. నా ఉద్యోగానికి ఢోకా ఏమీ లేదు, బెంగపడకు. మా చెప్పుల కొట్టు షావుకారు మేయరు పదవికి పోటీ చేస్తున్న మాట మాత్రం నిజమే. వార్డు మెంబరుగా కూడా ఎన్నడూ నిలబడని మనిషి! చూద్దామని నిన్న నేనూ వెంట వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? చేతులు జోడించినా ఆయన చూపు ఓటరు కాళ్ళ మీదే. ఒక ముసలావిడకు ఒళ్ళు మండింది.

"ఓటడగడానికొచ్చి కాళ్ళకేసి చూస్తావేంటయ్యా?"

"మీ కుడి చెప్పు ఒక పక్కకే అరిగిందమ్మా. రోజూ ఆ పక్క చేత్తోనే బరువు మోస్తున్నట్టున్నారు. కుళాయి రావట్లేదా?"

ఆవిడ నోరు తెరిచింది. "మూణ్ణెల్లయింది బిందెలు మోయబట్టి. నీకెవరు చెప్పారు?"

అంతే, వీధివాళ్ళంతా చెప్పులు విప్పి ఆయన ముందు వరస పెట్టారు. ఆయన ఒక్కో జతా తిరగేసి చూస్తూ, తన ఎన్నికల గుర్తేమిటో చెప్పడమే మరిచిపోయాడు! మలుపు తిరిగాక గుర్తొస్తే నేనే వెనక్కి పరిగెత్తి చెప్పొచ్చాను. గెలుస్తాడంటావా? నాకూ అంతు పట్టడం లేదు.

నా నల్ల గొడుగు మీ ఇంట్లోనే మరిచానా? బావగారి దగ్గు తగ్గిందా? ఆయనకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ మోకాళ్ళ సంగతి నిన్నడగను, అడిగితే "బానే ఉన్నాయిరా" అంటావు. గొడుగుతోపాటు నీ పాత చెప్పులు పంపు. వాటినే అడుగుతాను.

నీ తమ్ముడు