మీరు పంపిన కారు గురించి

వదినగారికి నమస్కారం.

నిన్న నేను మాట్లాడుతుండగానే ఫోను పెట్టేశారు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేరని రాస్తున్నాను.

మన మనవరాలు మేఘను బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మీరు పంపిన కారు చేరింది. "బిడ్డ యాడమ్మా?" అన్నాడు డ్రైవరు మునిరాజు. అతనికి కాఫీ ఇచ్చి, బిడ్డకు బదులు ఈ ఉత్తరం పంపుతున్నాను.

మీరు చూపించిన కృష్ణగిరి నర్సింగ్ హోమ్‌లో చంటిదానికి ఎక్స్‌రే, రక్తపరీక్ష, సెలైన్, మళ్ళీ ఎక్స్‌రే. మీకు తృప్తి, దానికి ఏడుపు. ఇక్కడ హోసూరులో డాక్టర్ సుధామణి ఛాతీ విని, ఊపిరి లెక్కపెట్టి, "జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగిండాదమ్మా. వైరసుకు ఈ సూదులు పనికిరావు. ముక్కు శుభ్రం చేసి, కొంచెం కొంచెంగా పాలిస్తా ఉండండి. పాలు మానినా, డొక్కలు ఎగరేసినా వెంటనే ఎత్తుకొని రండి" అన్నారు. సూది వేయనిదీ ఒక డాక్టరేనా అన్నారు మీరు. మన వైపు సూది వేయని డాక్టరుకు పెళ్ళి సంబంధం కూడా రాదని నాకూ తెలుసు.

పొద్దున మేఘ పాలు తాగి, నా కళ్ళజోడు పీకింది. నాకు ఈ రిపోర్టు చాలు.

దగ్గు ఇంకా ఉంది. పడుకోబెడితే ఏడుస్తోంది. ఎత్తుకోవడానికి నావీ, మీ కోడలివీ చేతులు చాలడం లేదు. ఈసారి కారులో మీరే కూర్చుని రండి. మీ చేతులకు పరీక్షలేమీ అక్కర్లేదు, సబ్బుతో కడుక్కుంటే చాలు.

ఇట్లు,
మీ మాట వినని వియ్యపురాలు