చుక్కల మందు

బావగారికి నమస్కారం.

ఉభయకుశలోపరి అని రాయడానికి వీల్లేదు. కుశలమంతా మీ వైపే ఉంది. నేనూ మీ తమ్ముడూ పాపతో ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాం.

పాప జ్వరం మీరే దించారని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంటున్నారట. మందుల షాపులో కౌంటరు వెనక నిలబడినంత మాత్రాన డాక్టరైపోరని ఇంట్లో ఎవరూ మీతో అనలేదు. పెద్దవారు కదా అని నేనూ ఊరుకున్నాను.

నేను బండి కోసం వీధిలోకి వెళ్ళగానే, నెల నిండని పిల్ల నోట్లో మీరు జ్వరం తగ్గే చుక్కల మందు పోశారు. తీరా ఎమర్జెన్సీలో నర్సు చూసేసరికి ఒళ్ళు చల్లబడింది. "జ్వరమేం లేదు కదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి" అంది. "నే చెప్పలా, ఊరికే కంగారు పడుతుంది" అని మీరు నవ్వారు. మందు సంగతి మాత్రం ఎత్తలేదు. మీ చొక్కా జేబులోంచి సీసా మూత తొంగిచూడబట్టి బతికిపోయాం.

సీసా చూడగానే డాక్టరమ్మ పాపను చేతుల్లోకి తీసుకుని, "ఇంత పసిగుడ్డు నాకు చెప్పుకోగలిగేది ఆ జ్వరంతోనే. దాని నోరూ నొక్కేస్తే ఎలాగండీ?" అని మిమ్మల్నే అడిగింది. మీరు ఫోన్ తీసి చూసుకున్నారు.

వెన్నులోంచి నీరు తీశారు, రక్తం తీశారు. రక్తంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. సూదులు నా పిల్లకి, పేరు మీకు.

ఇవాళ పాప మళ్ళీ పాలు తాగుతోంది. మీరు ఫోన్లు చేసుకోండి, నేను వద్దనను. ఒక్క అక్షరం దిద్దుకుంటే చాలు, బావగారూ. 'దించాను' అన్నచోట 'దాచాను' అనండి.

పాప తల్లి