కాలువకి పూసిన రంగు

1976 మే, శనివారం రాత్రి

"కాలువ నీళ్ళు పాడుచేయకండి" అని సినిమా హాలుకి స్లైడు రాసిమ్మని మొన్న అద్దకాల కార్ఖానా యజమాని స్లైడ్లు రాసే నా దగ్గరికి వచ్చాడు. ఆయన కాలువలోకి వదిలిన రంగునీళ్ళు తాగి మా గేదె చచ్చింది.

"బొమ్మ నీ ఇష్టమయ్యా. కింద నా పేరు మాత్రం పెద్దగా ఉండాలి" అన్నాడు.

"అలాగేనండీ" అన్నాను.

గాజు మీద ఆయన కార్ఖానా, తూము, కాలువ గీశాను. కాలువకి రంగు కొనలేదు. ఆ తూము కింద పట్టిన ఎర్రనీళ్ళే మరగబెట్టి పూశాను. ఆయన పేరు చూసుకుని మురిసిపోయాడు, బొమ్మ చూడలేదు.

ఇలాంటి స్లైడు పడితే జనం తెర వైపు చూడకుండా బీడీలు ముట్టించుకుంటారు. ఇవాళ నేల టిక్కెట్టు వాళ్ళలో ఒకడు, "ఒరేయ్, ఇది మన కాలువేరా" అన్నాడు. హాలంతా, తన పేరు చూసుకోడానికి వచ్చి బాల్కనీలో కూర్చున్న ఆయన వైపు తిరిగింది.

నాకిక ఎవరూ పని ఇవ్వరేమో. రేపు ఆయన స్లైడు తీయించేస్తాడు. తీయించనీ. కాలువ ఎర్రగా పారినన్నాళ్ళూ జనం ఆయన వైపే తిరుగుతారు.