తొమ్మిదేళ్ల సైగలు

అక్టోబర్ 12, శనివారం

ఆరు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడాం, ఆరూ ఓడాం. ఓడించింది ఎదుటి జట్లు కాదు, మా కోచ్ స్ట్రాండ్. బంతి ఎటు తీసుకెళ్లాలో మైదానం అంచు నుంచి ఆయన సైగ చేస్తాడు. టోపీ తాకితే ఎడమకి పరుగు. చెవి లాగితే దూరం విసరాలి. తొమ్మిదేళ్లుగా అవే సైగలు! అయోవా రాష్ట్రంలో చిన్న కాలేజీలన్నిటికీ కంఠతా వచ్చేశాయి. ఇవాళ నా ఎదుట నిలబడ్డ దున్నపోతు, బంతి కదలకముందే, ఎడమకేరోయ్, ఎడమకే అని తనవాళ్లకి కేకేశాడు. సైగలు మార్చండి అని కోచ్‌తో అన్నాను. నీ పని ఎదుటివాణ్ని నెట్టడం, ఆలోచించడం నా పని అన్నాడు.

అక్టోబర్ 13

తాతగారు పనిచేసిన మాంసం ఫ్యాక్టరీ యూనియన్ కరపత్రాల పెట్టె మళ్లీ తీశాను. మొదటి పేజీకే రక్తం ఉడికింది. పదకొండు డిమాండ్లు రాశాను. బంతి విసిరే మార్లన్ చదివి, నిన్న మనకొచ్చిన పాయింట్లు మూడు, నీ డిమాండ్లు పదకొండా, ఒక్కటి ఉంచరా బాబూ అన్నాడు. వాడికిది ఆఖరి ఏడాది. కాలేజీ వదిలేలోగా ఒక్క మ్యాచ్ అయినా మనసారా ఆడాలట. ఒక్కటే ఉంచాను: సైగలు మార్చాలి.

అక్టోబర్ 15

ఆ డిమాండ్ కాగితం కోచ్ తలుపు మీద అంటించాను. కింద నా సంతకం, ఇంత పెద్దది. ఆయన చింపేసి, జట్టు మొత్తాన్నీ స్టేడియం మెట్లు ఎక్కించాడు, నలభై సార్లు. అందరూ నన్నే తిట్టారు. మా బట్టలుతికే మిస్ ఐడెల్ అయితే, విప్లవం నీది, పిక్కల నొప్పులు వాళ్లవీనా నాయనా అంది. గదికొచ్చి కరపత్రం రెండో పేజీ తిప్పాను. ఒంటరిగా సంతకం పెట్టకు అని ఉంది.

ముందే తిప్పాల్సింది.

అక్టోబర్ 19

ఏడోదీ పోయింది.

అక్టోబర్ 22, సాయంత్రం 4

మిస్ ఐడెల్ లాండ్రీ గదిలో యాభై ముగ్గురం ఇరుక్కున్నాం. నేను పావుగంట దంచాను. మార్లన్ ఒక్క మాటే అన్నాడు, నాకింక మూడే మ్యాచ్‌లురా అని. అందరూ సంతకం పెట్టారు.

అందరం వెళ్లి ఇస్తే, కోచ్ ఆ కాగితం మీద పేర్లన్నీ చదివాడు. ఆ సైగలు మా అమ్మాయి కోరా పదేళ్లప్పుడు వంటింట్లో కూర్చుని కనిపెట్టిందిరా, మార్చబుద్ధి కాలేదు అన్నాడు. పిడికిలి బిగించుకుని వెళ్లినవాణ్ని, దాన్నెక్కడ దాచుకోవాలో తెలియలేదు. శనివారానికి కుడి ఎడమలు తారుమారు చేద్దాం, మిగతావి మీరే ఆలోచించండి అన్నాడు.

ఆలోచించండి అన్నాడు! మాతో!

అక్టోబర్ 26

మూడు పాయింట్ల తేడాతో ఓడాం. అయితేనేం, ఏం రోజు! కోచ్ టోపీ తాకాడు. ఎదుటివాళ్లు ఎడమకి, ఎడమకి అని అరుచుకుంటూ పరిగెత్తారు. మేం కుడికి. మార్లన్ బంతి చంకన పెట్టుకుని చివరి గీత దాటేశాడు, చుట్టుపక్కల ఒక్క పురుగు లేదు. హెల్మెట్ లోపల పగలబడి నవ్వాను. ఓడి ఇంత కులాసాగా చొక్కాలు విప్పేవాళ్లని ఎక్కడా చూళ్లేదర్రా అంది మిస్ ఐడెల్.

అక్టోబర్ 27

ఈసారి తలుపు మీద కాగితం కోచ్ అంటించాడు. మేం సంతకాలు పెట్టిన కాగితమే. ఇప్పుడు సంతకాలు యాభై నాలుగు, ఆఖరిది ఆయనది. దాని కింద ఆయన రాసింది ఇదీ:

ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి. కొత్త సైగలు కావాలి. మా కోరా కూడా వస్తోంది, ఇప్పుడు పందొమ్మిదేళ్లు. సోమవారం ఉదయం ఆరింటికి లాండ్రీ గదికి అందరూ రండి.