రవళి ఎత్తు బెల్లం

సైన్సు చెప్పే తిరుమల మేడం గారికి,

నేను రవళి అమ్మను. దినాలప్పుడు మీరు ఇంటికి వస్తే మాట్లాడలేకపోయాను, ఏమనుకోవద్దు.

పోయిన జాతరప్పుడు పిల్లకు జ్వరం తగ్గితే దాని ఎత్తు బెల్లం పెడతానని సమ్మక్కకు మొక్కుకున్నాను. అప్పుడు తగ్గింది. మొన్న దసరాకు వచ్చిన జ్వరమే తగ్గలేదు. మొక్కు మాత్రం ఉంది.

"లేని పిల్లకు తూకమేంది, అయిదు కిలోలు వెట్టు సాలు" అంటున్నది మా అత్త. నేను దాని నోటు పుస్తకం తీసి చూశాను. తన ద్రవ్యరాశి భూమి మీద ముప్పై ఆరు కిలోలు, చంద్రుడి మీద ఆరు కిలోలు అని రాసుకుంది. మీరు ఆ ఆరు కొట్టేసి, ఎర్ర పెన్నుతో ముప్పై ఆరు వేశారు. "బరువు మారుతుంది, ద్రవ్యరాశి ఎక్కడికి పోయినా మారదు" అని కింద రాశారు. ఎక్కడికి పోయినా అంటే ఎక్కడికైనానా, మేడం?

నిన్న పెద్దపల్లిలో బెల్లం దుకాణానికి పోయాను. "పిల్లేది? కాంటా మీద నిలవెట్టాలె గద" అన్నాడు సేటు. రాలేదన్నాను. "అయితె నువ్వే నిలవడు, నిన్ను జూసి అందాజ కడ్త" అన్నాడు. నిలబడ్డాను. వారం కింద ఆసుపత్రిలో చూస్తే నేను నలభై ఎనిమిది కిలోలు. సేటు కాంటా ఎనభై నాలుగు చూపింది. ఖరాబైందని అతను నవ్వాడు. నేను దిగగానే అది సున్నాకే వచ్చింది.

తీసివేత నాకూ వచ్చు. అయినా మీరొకసారి చేసి, ఎర్ర పెన్నుతోనే రాసి పంపండి.

రవళి అమ్మ