ఇటుక కాపడం

1968. మాఘమాసం, ఆదివారం.

నడుముకి ఆపరేషనై మూడు వారాలు. పోటు పోయింది. మోకాళ్ళ కింద స్పర్శ కూడా దాంతోపాటే పోయింది. పక్క తడిస్తే మా ఆవిడ దుప్పటి మార్చేదాకా నాకు తెలియడం లేదు.

అమ్మకి ఇవేవీ చెప్పలేదు. రోజూ తవుడు వేయించి, మూటకట్టి నా పాదాలకు కాపడం పెడుతుంది. "తెలస్తన్నాదా నాన్నా?" అని అడుగుతుంది. తెలుస్తోందనే అంటున్నాను. ఆ మాటకి ఆవిడ మొహం ఎలా వెలుగుతుందో...

ఇవాళ అరసవల్లి గుడికి వెళ్ళి నా కాళ్ళ కోసం మొక్కుకుని వచ్చింది. ఆ ధైర్యంతో కాబోలు, తవుడు చాలదని ఇటుక కాల్చి, గుడ్డ చుట్టి నా మడమల కింద పెట్టింది.

"ఏడి సరిపోయిందేటిరా?"

"హాయిగా ఉన్నాదమ్మా" అన్నాను, పేపర్లోంచి తలెత్తకుండా. నా నోరు పడిపోను!

కాసేపటికి కమురు వాసన వచ్చింది. గుడ్డ కాలుతోందనుకున్నాను. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి ఇటుక లాగేసరికి మడమల తోలు గుడ్డకి అంటుకుని ఊడొచ్చింది.

అమ్మ పుండు వైపు చూడలేదు. నా మొహంలోకే చూసింది.

"ఇంత కాల్తే ఓ కేకైనా ఎయ్యలేదేటిరా?"



సాయంత్రం కాలినచోట వెన్న రాస్తూ, తల వంచుకునే అడిగింది: "మంటగా ఉన్నాదా నాన్నా?"

ఆ గొంతు ఏం వేడుకుంటోందో అర్థమైంది.

"మండిపోతన్నాదమ్మా" అన్నాను.

వెన్న చేతులతోనే అరసవల్లి వైపు తిరిగి దణ్ణం పెట్టింది.